మనూర్ రోడ్డు మీద ఆయన సైకిల్

నారాయణఖేడ్‌లో బోరు మోటార్లు రివైండింగ్ చేసే షాపు నాది. ఆ సైకిల్ నా చేతికి రావడానికి కారణం కూడా ఒక కాలిపోయిన మోటారే.

కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన ఒక పెద్దమనిషి ఇంటి మోటారది. ఆయన చనిపోయి అప్పటికి ఏడాది కావస్తోంది. ఆయన భార్యను నేను చాచీ అనేవాణ్ణి. మోటారు విప్పడానికి వెనక గదిలోకి వెళ్తే, గోడకు దుప్పటి కప్పి ఏదో వేలాడుతోంది. దుప్పటి కొస తొలిగినచోట సన్నటి చక్రం కనబడింది. ఆగలేక ఎత్తి చూశాను.

రేసు సైకిల్. ముందుకు వంగి కిందికి తిరిగిన హ్యాండిల్, బొటనవేలంత మందం కూడా లేని టైర్లు, ఫ్రేము గొట్టానికి బిగించిన గేరు మీటలు. ఇనుమే గాని, ఒంటిచేత్తో ఎత్తితే ఖాళీ బుట్టలా లేచింది. గొట్టాలు కలిసే చోట అతుకుల అంచులను ఎవరో ఓపిగ్గా ఆకు కొసల్లా అరగదీశారు. చదువుకునే రోజుల్లో ఆయన హైదరాబాద్‌లో ఈ సైకిల్ మీదే పందేలు తొక్కాడట. ముసలితనంలోనూ పొద్దున్నే మనూర్ రోడ్డు మీద వీపు వంచి పోతుంటే నేనే ఎన్నోసార్లు చూశాను.

"తీస్కపో బేటా," అంది చాచీ గడపలో నిలబడి. "గా దుప్పటి కింద ఆయననే నిలవడ్డట్టు ఉంటది. గీ అర్రలకు రావాల్నంటే పాణం ఒప్తలేదు."

ఆయన చివరిసారి ఇంట్లోంచి వెళ్లింది దాని మీదే. మనూర్ రోడ్డు పక్కన వేపచెట్టుకు సైకిల్‌ను జాగ్రత్తగా ఆనించి, కింద కూర్చుని, అలాగే పోయాడు. గుండె ఆగిందన్నారు. సైకిల్ మీద గీత కూడా పడలేదు.

టైర్లు, ట్యూబులు హైదరాబాద్ నుంచి తెప్పించాను. సీటు మాత్రం మార్చబుద్ధి కాలేదు. ఏళ్ల తరబడి ఒకే మనిషి బరువు మోసిన తోలు సీటు అది. రెండు గుంటలు పడ్డాయి, ఎడమది ఎక్కువ లోతు. మొదట్లో నా ఒళ్లు వాటిలో కుదరలేదు. కొన్నాళ్లకు కుదిరింది. కుదిరిన రోజే భయమేసింది. మారింది తోలో నేనో తెలియలేదు. నడిచేటప్పుడు ఎడమవైపు ఒరుగుతున్నావని మా ఆవిడ ఒకసారి అంది.

కానీ తొక్కడం మానలేకపోయాను. మామూలు సైకిల్‌ను మనం లాక్కుపోవాలి. ఇది అలా కాదు, కాలు ఆనీ ఆనకముందే ముందుకు ఉరికేది. కందిచేల మధ్య రోడ్డు మీద పొద్దున గాలి రెండు చెవుల పక్కనుంచి చీలిపోతుంటే, ఒంట్లో వయసన్నదే ఉండేది కాదు.

మొదటిసారి మనూర్ దాకా పోయిన రోజు, రోడ్డు వార చాయ్ బండి దగ్గర కాళ్లు ఆపి సైకిల్‌ను దొర్లనిచ్చాను. కాళ్లు ఆపితే వెనక చక్రంలో ఫ్రీవీల్ టికటికమంటుంది. ఈ పాతదాని చప్పుడు మరీ గట్టిది. బండి ముసలాయన అటు తిరిగి ఉన్నాడు. చప్పుడు వినగానే, తిరిగి చూడకుండానే, "ఇగో, చక్కెర లేకుంట," అంటూ గ్లాసు నింపాడు. ఇటు తిరిగి నన్ను చూశాక ఆయన చేతిలో గ్లాసు కాసేపు అలాగే ఆగిపోయింది.

"నువ్వా," అన్నాడు చివరికి. "నేను ఇంకెవరో అనుకున్న."

వచ్చేటప్పుడు చాచీ ఇంటి ముందు రోడ్డు పల్లంగా ఉంటుంది. అక్కడ ఎవరైనా తొక్కడం ఆపుతారు. నేనూ ఆపేవాణ్ణి. ఒకరోజు చాచీ కూతురు షాపుకు వచ్చింది.

"అన్నా, నువ్వు గా పల్లంల దొర్లించుకుంట వస్తవు సూడు, గా చప్పుడు వినంగనే అమ్మీ లేచి రెండు గ్లాసులల్ల చాయ్ పోస్తది. ఒకటి ఎదురుంగ పెట్టుకొని కూసుంటది. నాకు పరేషాన్ అయితుంది."

ఆమె కళ్లలో నీళ్లు చూసి, మర్నాటి నుంచి దారి మార్చాను. బోరంచ వైపు పోవడం మొదలుపెట్టాను. అయినా అటు పల్లం వచ్చినచోట కాళ్లు ఆపడానికి మనసు ఒప్పేది కాదు. తొక్కుతూనే ఉండేవాణ్ణి.

కొన్నాళ్లకు చాచీయే షాపుకు వచ్చింది. కొంగు తల మీదికి లాక్కుని స్టూలు మీద కూర్చుంది. కోపంగా ఉంది.

"ఎందుకు వస్తలేవు మా దిక్కు?"

కూతురు చెప్పిన మాట దాచలేక చెప్పాను.

"ఆయన పొయ్యిండని నాకు తెల్వదా?" అంది. "నా చేతులతోనే సాగనంపిన. పొయ్యినోడు ఎట్లనో పొయ్యిండు. గా చప్పుడు గూడ తీస్కపోతవా నువ్వు?"

ఆమె గొంతు తగ్గించింది.

"మొన్న జుమ్మా నాడు పొద్దుగాల వచ్చినవ్. గా పల్లంలనే ఆగినవ్ గూడ. చాయ్ వోసి బయటికి వచ్చేటాలకు లేవు. గింత జల్దీ ఏంది?"

ఆ శుక్రవారం సైకిల్ నా షాపులోనే ఉంది. బోరంచ దారిలో టైరు పగిలితే వెనక చక్రం విప్పి బల్ల మీద పెట్టాను. కొత్త టైరు ఆదివారం గాని రాలేదు.

చాచీ నా మొహంలోకే చూస్తోంది. "పని ఉండె చాచీ," అన్నాను. ఆమె తలూపింది. నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

మళ్లీ పాత దారే పట్టాను. పల్లంలో కాళ్లు ఆపుతాను, ఆమె అరుగు దగ్గర దిగుతాను. చాయ్ తాగుతాను. మేము ఆయన గురించి మాట్లాడుకోం. కూతురు మొదట్లో ముభావంగా ఉండేది, తర్వాత తనే బిస్కెట్లు తెచ్చిపెట్టేది. అయితే మనూర్ రోడ్డు మీద వేపచెట్టు దాటేటప్పుడు నేను పక్కకు చూడను. అక్కడ గాలి ఎదురుగా ఉన్నా సైకిల్ తేలిగ్గా పోతుంది. వెనక నుంచి ఎవరో సీటు మీద చెయ్యేసి నెడుతున్నట్టుంటుంది.

ఈ చలికాలం ఒక పొద్దున చాచీ అడిగింది. "గాడ, చెట్టు కాడ, చలి పెడ్తదా?"

ఆమె అడుగుతున్నది నా గురించి కాదని తెలుసు. "పెడ్తది చాచీ," అన్నాను.

లోపలికి వెళ్లి బూడిదరంగు మఫ్లర్ తెచ్చింది. అత్తరు వాసన వస్తోంది, దాని కింద పాత చెమట వాసన. వద్దనబోయాను. అప్పటికే ఆమె నా మెడకు రెండు చుట్లు చుట్టి, కొసలు చొక్కా లోపలికి దోపింది. ఆమె వేళ్లు ఆ పనికి బాగా అలవాటుపడినవి.

"ఇగ పో," అంది.

ఉన్ని మెడకు గుచ్చుకుంటుంటే, సైకిల్ ఎక్కాను.