కుడి పక్కన గుండె

నా చిన్నప్పుడు, పెద్దవాళ్లు మాట్లాడుతుంటే పిల్లలు నోరు విప్పకూడదని మా అవ్వ గట్టిగా చెప్పేది. నేను విప్పేదాన్ని కాదు. ఆ అలవాటు ఒకసారి నా ప్రాణం మీదికే తెచ్చింది.

మాది కామసముద్రం దగ్గర ఒక పల్లె. మల్బరీ తోట పెట్టి పట్టుపురుగులు పెంచేవాళ్లం. నాకప్పుడు పదేళ్లుంటాయేమో. పురుగులు ఆఖరిసారి పొర విడిచి, ఎంత ఆకు వేసినా చాలక తింటున్న రోజుల్లో నాకు కడుపునొప్పి వచ్చింది. మొదట బొడ్డు చుట్టూ ఉండి, మర్నాటికి ఎడమవైపు కిందికి దిగింది. అవ్వ వాము నీళ్లు తాగించింది. ఊళ్లోని కాంపౌండరు నా కుడివైపు నొక్కి చూసి, "అపెండిక్సు అయితే ఈ పక్క నొస్తాది. ఇది వట్టి గాలి. మల్బరీ పండ్లు మెక్కినట్టుండాది" అన్నాడు. పండ్లు తినలేదని చెప్పాలనిపించింది కానీ చెప్పలేదు.

ఆ తర్వాత జ్వరం, వాంతులు. నిలబడితే నడుము వంగిపోయేది. మా నాయన నన్ను చూసి, చేతిలోని ఆకు గంప కింద పెట్టేశాడు. "పురుగును వదిలేసి పోతావా? పంటంతా పోతాదిరా" అని అవ్వ అడ్డుపడింది. "పోతే పోనీమ్మా" అని ఆయన నన్ను భుజాన వేసుకుని రైలెక్కించాడు.

కోలారు బంగారు గనుల ఊళ్లోని ఒక ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడి చిన్న డాక్టరు కూడా కుడివైపే నొక్కాడు. అడిగినవాటికన్నిటికీ మా నాయనే జవాబు చెప్పాడు. నేను బల్ల మీద ముడుచుకుని పడుకున్నాను. ఆ దారిన పోతున్న పెద్ద డాక్టరమ్మ నన్ను చూసి ఆగింది. నెరిసిన జుట్టు, మెడలో సన్నని సిలువ గొలుసు. గనుల్లో పనిచేసినవాళ్ల కూతురట, తమిళం కలిసిన తెలుగు మాట్లాడేది. ఆపరేషన్లు చేసేది ఆమే.

"యాడ కన్నా నొప్పి?" అని నన్నే అడిగింది. నాయన చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. "నొప్పి నీది కాదప్పా, పిల్లది. దాన్ని చెప్పనీ."

చాలాసేపు నాకు మాట రాలేదు. ఆమె విసుక్కోకుండా బల్ల మీద నా పక్కనే కూర్చుంది. చివరికి ఎడమవైపు కింద వేలు పెట్టి చూపించాను. ఆమె మెల్లగా నొక్కి వదిలేసరికి అరిచాను. ఆ తర్వాత స్టెతస్కోపు నా ఛాతీకి ఎడమవైపు పెట్టి విన్నది. కనుబొమలు ముడిపడ్డాయి. దాన్ని కుడివైపుకు జరిపి విన్నది. ఏమీ చెప్పకుండా చిన్న డాక్టరును పిలిచి వినమంది. ఆయన ముఖం మారిపోయింది. ఎక్స్‌రే తీశారు. నా గుండె కుడివైపు ఉంది. కడుపులోవి కూడా అటువి ఇటు, ఇటువి అటు ఉన్నాయి. అందరికీ కుడివైపు ఉండే అపెండిక్సు నాకు ఎడమవైపు వాచింది.

నాయన ఎక్స్‌రేనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. "దేవుడు తప్పు చేసినాడా తల్లీ?"

"తప్పేముంది? ఇల్లు అదే అప్పా. వంటిల్లు ఆ పక్క కట్టాల్సింది ఈ పక్క కట్టినాడు, అంతే. కాపురం బాగానే చేసుకోవచ్చు" అని ఆమె నవ్వింది.

అప్పటికప్పుడు ఆపరేషన్ చేసింది. ఇంకాస్త ఆలస్యమైతే లోపలే పగిలిపోయేదట.

కోలుకుంటున్న రోజుల్లో ఆమె నాతో ఒక ఆట ఆడేది. పొద్దున్నే వచ్చి, ఏమీ తెలియనట్టు స్టెతస్కోపు ఎడమవైపు పెట్టి, "అయ్యో, ఈ పిల్లకు గుండే లేదే!" అని దిగులుగా ముఖం పెట్టేది. మొదటిరోజు నేను చూస్తూ ఊరుకున్నాను. ఆమె కూడా కదలకుండా అలాగే నిలబడింది. "అమ్మా... ఈ పక్క" అని గొణిగాను. "వినపడలే." మళ్లీ చెప్పాను. తర్వాత రోజు చిన్న డాక్టర్లను కూడా వెంటబెట్టుకొచ్చింది. అంతమంది మధ్య "అమ్మా, నా గుండె కుడిపక్కన ఉండాది!" అని నేను అరిస్తే వార్డంతా నవ్వింది. ఇంటికి పంపే రోజు మాత్రం ఆమె నవ్వలేదు. "రేపు నేనుండను. ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు నువ్వే చెప్పాల. వాళ్లు ఎంత పెద్దవాళ్లయినా సరే" అంది.

మేము ఊరు చేరేసరికి పురుగుల్లో సగానికి పైగా పోయాయి. ఆ సంగతి మా నాయన బతికినన్నాళ్లూ నా ముందు ఎత్తలేదు. అవ్వ మాత్రం ఎవరొచ్చినా నన్ను పిలిచి, "చెప్పవే, నీ గుండె యాడుండాదో" అని గర్వంగా చెప్పించేది.

పెద్దయ్యాక పిత్తాశయంలో రాళ్లకు నాకు మరోసారి ఆపరేషన్ అయింది. అప్పుడూ ముందు నేనే చెప్పాను, డాక్టర్లు ఎడమవైపు కోయడానికే అన్నీ సిద్ధం చేసుకున్నారు. ఆ డాక్టరమ్మ ఎప్పుడో పోయింది. మా వీధి ఆడవాళ్లు ఆసుపత్రికి పోవాలంటే నన్ను తోడు పిలుస్తారు. అక్కడ మొగుడో కొడుకో వాళ్ల నొప్పి గురించి చెప్పడం మొదలుపెడితే, "కొంచెం ఉండప్పా, ఆయమ్మను చెప్పనీ" అంటాను. తర్వాత నేను కూడా నోరు మూసుకుని పక్కన కూర్చుంటాను. మాట రావడానికి కొందరికి చాలాసేపు పడుతుంది. నాకేం తొందర లేదు.