పదకొండో వంతు

తొంభైల చివర, మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో, ఒక పొద్దున ఖాజాగూడలో బస్సెక్కాను. పక్క సీట్లో ఒక పెద్దామె చుక్కకూర మూట కాళ్ల దగ్గర పెట్టుకుంది. ఒక్క కట్ట మాత్రం విడిగా ఒళ్లో పట్టుకుంది.

"అమ్ముతారాండీ?" అని అడిగాను.

"మూటల ఉన్నది నా వంతు, అమ్ముత. గిది అమ్మేది కాదు. మా మాదిగవాడల ఎవ్వరికీ గుంటెడు భూమి లేదు బిడ్డా. చెరువు పక్కన సర్కారు జాగల పది ఇండ్లోళ్లం కలిసి కూర పెడుతున్నం. జాగ అందరిది గద, గందుకే పదకొండో వంతు తీసి, తలా ఒక కట్ట దారిల కలిసినోళ్లకు ఇస్తం. ఇయ్యాల నువ్వు కలిసినవ్."

కట్ట నా చేతిలో పెట్టి, "ఇంట్ల ఎంతమంది?" అంది.

నాది కిరాయి గది. తిండి మెస్సులో. గదిలో స్టవ్ కూడా లేదు. అయినా ఒక్కడినే అనడానికి నోరు రాలేదు.

"నలుగురమండీ."

"నలుగురికి ఒక్క కట్ట ఏం సాలుతది?" వద్దంటున్నా వినకుండా మూట విప్పి, తన వంతులోంచి మరో మూడు కట్టలు నా సంచిలో వేసింది. "తీస్కో. మొన్న సర్కారోళ్లు వచ్చి జాగల హద్దురాళ్లు పాతి పోయిండ్రు. గిదే ఆఖరి కోత."

నాలుగు కట్టలూ గదిలో కిటికీ గట్టు మీద పెట్టాను. మెస్సులో ఇవ్వొచ్చని కూడా తోచలేదు. మూడో రోజుకి నల్లబడిపోయాయి.

ఇంట్లో ఎంతమందని ఇప్పుడెవరైనా అడిగితే, తడుముకోకుండా ఒక్కడినే అని చెప్తాను.