తెరకు వీపు పెట్టిన మావయ్య

సినిమాకు వెళ్లినవాళ్లందరూ తెరను చూస్తారు. మావయ్య మాత్రం సినిమాకు వెళ్లినవాళ్లను చూస్తాడు. అదీ ఒక్కచోట కూర్చుని కాదు. కాలుగాలిన పిల్లిలా కుర్చీ నుంచి కుర్చీకి, వరుస నుంచి వరుసకు మారుతూ, మెడ వెనక్కి తిప్పి, ఆ చీకట్లో జనం మొహాల్లోకి తొంగి తొంగి చూస్తాడు. "ఏవండీ, తెర అటుంది" అని ఎవరైనా చెబితే, "తెర ఎక్కడికీ పోదండీ, మీరే ఇంకో గంటలో ఇంటికి పోతారు" అంటాడు.

ఇంతాచేసి, కొట్లో ఉన్నప్పుడు ఆయనంత కదలని మనిషి లోకంలో ఉండడు. గడియారాలు బాగుచేస్తాడు. మెట్ల కింద అరలాంటి కొట్టు. కంటికి భూతద్దం బిగించుకుని, పట్టకారుతో ఆవగింజంత మరచక్రాన్ని పట్టుకున్నాడంటే గంటసేపు రెప్ప కూడా కొట్టడు. ఒకసారి ఒక ఈగ ఆయన ముక్కుమీద వాలి, కాసేపు చూసి, విగ్రహం కాబోలనుకుని అక్కడే కునుకు తీసిందని అత్తయ్య చెబుతుంది. "కొట్లో దాచిన కదలికంతా సినిమాహాల్లో ఖర్చుపెట్టేస్తారే మీ మావయ్య" అని కూడా అంటుంది.

ఆ ఖర్చు వచ్చి మేనకోడలి నెత్తిన పడింది. ఆ పిల్ల మావయ్య ఇంట్లోనే ఉంటూ, ఊళ్లో ఉన్న ఒక పాత సినిమాహాల్లో చేరింది. టార్చి వేసి జనాన్ని వాళ్ల కుర్చీల దగ్గర దిగబెట్టడం పని. మూడు నెలలు చూసి, ఏ మాటా రాకపోతే ఖాయం చేస్తామన్నారు. ఇంతకుముందు రెండు ఉద్యోగాలు ఆ మూడు నెలల గడప దాటకుండానే ఊడిపోయాయి. ఈసారి రెండు నెలలు గడిచాయి. ఇక ఒక్క నెల ఊపిరి బిగబట్టుకుని గడిపితే చాలనుకుంటుండగా ఆ హిందీ సినిమా వచ్చింది.

కథ గోరంత, పాటలు కొండంత. ఒక పాటగాడు, అతనికి పాటలు రాసిచ్చే అమ్మాయి. కలుస్తారు, విడిపోతారు, వానలో తడుస్తారు, ఆరకముందే మళ్లీ విడిపోతారు. హాల్లో సగంమందికి హిందీ రాదు. కింద వేసే అక్షరాలు చదివేలోపల కన్నీళ్లు అడ్డం వచ్చేవి. మొదటివారం వచ్చిన అమ్మాయిలు రెండోవారం తల్లులను తీసుకొచ్చారు. మూడోవారం ఆ తల్లులు కూతుళ్లను ఇంట్లో వదిలేసి అక్కచెల్లెళ్లతో వచ్చారు. మీసాలవాళ్లు "ఈ ఏసీ ఏమిటో కళ్లల్లో కొడుతోంది" అంటూ చొక్కా చేతులతో కళ్లు తుడుచుకునేవారు.

మావయ్య మూడువారాలూ రోజూ మ్యాట్నీకి వచ్చాడు.

"మావయ్యా, నీ సీటు ఎఫ్ పన్నెండు. అందులోనే కూర్చో. నీకు దణ్ణం పెడతాను."

"అక్కడ గాలి రావడంలేదమ్మడూ."

"ఏసీ హాల్లో గాలి రాకపోవడమేమిటి?"

"వస్తోంది, కానీ నాకు రావడంలేదు."

అప్పటికే ఆయన జి వరుసలోకి దూకేవాడు. అక్కడ స్ప్రింగు గుచ్చుకునేది. హెచ్‌లో ముందున్నాయన జుట్టు ఎక్కువ. జె వరుసలో పాప్‌కార్న్ చప్పుడు. చీకట్లో టార్చి పట్టుకుని ఆమె, ఆమెకు అందకుండా ఆయన. పాటల సినిమా చూడ్డానికొచ్చినవాళ్లకు దొంగా పోలీసుల సినిమా అదనం.

అన్నిటికన్నా ఘోరం, సినిమా మొదలైన గంటా నలభైయొకటో నిమిషాన. తెరమీద రైలు కదిలిపోతుంది, ప్లాట్‌ఫారం మీద ఆ అమ్మాయి ఒక్కతే మిగులుతుంది. మాటల్లేవు, పాటలేదు. ఒకే ఒక వాద్యం ఇరవై రెండు సెకన్లు వినిపించి ఆగిపోతుంది. సరిగ్గా అక్కడ మావయ్య జేబులోంచి స్టాప్‌వాచీ తీసి, సగం లేచి నిలబడి, ఎవరో ఒకరి మొహంలో మొహం పెట్టేవాడు.

నాలుగోవారం మొదట్లో మేనేజరు ఆమెను గదిలోకి పిలిచాడు. బొద్దుగా ఉండే ఆ మనిషికి ప్రపంచంలో ఒక్కదానిమీదే భక్తి. అది అట్ట వేసి, గొలుసుతో బల్లకు కట్టిన ఫిర్యాదుల పుస్తకం.

"ఏమ్మా, ఈ హాలు కట్టినప్పటినుంచీ ఈ సినిమా వచ్చేదాకా మొత్తం ఫిర్యాదులు పదకొండు. ఎలుక గురించి నాలుగు, మిగతావి నా గురించి. ఈ మూడువారాల్లో పదిహేడు. అన్నీ ఒకే మనిషిమీద. వినూ." కళ్లజోడు పెట్టుకుని చదివాడు. "'రైలు వెళ్లిపోయాక సన్నాయి వస్తుంది చూడండి, అక్కడ నేను ఏడుస్తుంటే ఒక పెద్దమనిషి నా మొహానికి జానెడు దూరంలో నిలబడి, వాచీ చూసి, ఏడో సెకను అన్నాడు. ఏడవడమేమైనా పరుగుపందెమా?' ఇది ఐదోది. తొమ్మిదోది విను. 'పద్దెనిమిదేళ్ల కాపురంలో మొదటిసారి, ఆ వేణువు వినిపించినప్పుడు మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. అప్పుడే ఒక ముసలాయన మా ఇద్దరి మధ్యలోంచి తొంగిచూశాడు. మా ఆయన చెయ్యి తీసేశారు. మళ్లీ ఇంకో పద్దెనిమిదేళ్లు ఆగాలి కాబోలు.' పదిహేడోది రెండు పేజీలుంది, చదివే ఓపిక నాకు లేదు. ఎవరమ్మా ఈయన? నీకు తెలుసా?"

ఆమె టార్చిని ఆర్పి, వెలిగించి, మళ్లీ ఆర్పింది. "మా మావయ్యండీ."

మేనేజరు కళ్లజోడు తీశాడు. "అయితే మరీ సుళువు. పద్దెనిమిదో ఫిర్యాదు వచ్చినరోజు మీ మావయ్యతోబాటు నువ్వూ ఇంటికి వెళ్లిపోవచ్చు."

ఆ సాయంత్రం ఆమె కొట్టుకు వెళ్లింది. మావయ్య భూతద్దంలోంచి ఒక లేడీస్ వాచీ కడుపులోకి చూస్తున్నాడు.

"మావయ్యా, నా ఉద్యోగం పోతుంది."

"పోనివ్వనమ్మడూ." కదల్లేదు.

"నువ్వు హాలుకు రాకపోతే పోదు."

పట్టకారు ఒక్క క్షణం ఆగింది. ఆయన జీవితంలో పట్టకారు ఆగడం ఆమె అప్పుడే చూసింది. "సినిమా ఇంకో రెండురోజులే కదా ఆడేది? ఎల్లుండి తీసేస్తున్నారట."

"అందుకే ఆ రెండురోజులూ రావద్దంటున్నాను. అసలేముందా సినిమాలో? నువ్వు చూడవుగా!"

"నేనొచ్చినా ఎవరికీ తెలీదులే" అన్నాడు మావయ్య.

మర్నాడు మ్యాట్నీకి నల్లకళ్లద్దాలు, మెడకు మఫ్లరు, నెత్తిన టోపీతో ఒక పెద్దమనిషి వచ్చి బుద్ధిగా తన సీట్లో కూర్చున్నాడు. ఆమె చూసి ఊపిరి పీల్చుకుంది. పది నిమిషాల తర్వాత ఆ పెద్దమనిషి పక్కాయనతో, "ఇక్కడ గాలి రావడంలేదండీ" అన్నాడు. చీకట్లో నల్లకళ్లద్దాలతో మూడు వరుసలు దాటేసరికి నాలుగు జతల కాళ్లు తొక్కి, ఒకావిడ ఒళ్లో కూర్చుని, "క్షమించండి, కుర్చీ అనుకున్నాను" అన్నాడు. ఆమె పరుగున వెళ్లి, ఆవిడకు క్షమాపణ చెప్పి, చల్లటి నీళ్లిచ్చి, ఆట అయ్యాక దగ్గరుండి వీధి చివరిదాకా సాగనంపింది. ఆ ఒక్క ఫిర్యాదూ పుస్తకానికెక్కకుండా తప్పింది.

వెనక్కి వస్తుంటే, మావయ్య కొట్టువైపు కాకుండా ఎదుటి సందులోకి పరిగెత్తడం కనిపించింది. ఆమెకు ఒళ్లుమండింది. ఇవాళ అటో ఇటో తేల్చుకోవాలని వెంటపడింది.

మావయ్య ఒక పాత మేడలోకి దూరి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, మూడో అంతస్తులో తలుపు కొట్టకుండానే లోపలికి వెళ్లిపోయాడు. ఆమె ఆయాసపడుతూ గుమ్మం బయట ఆగింది. లోపల కిటికీ పక్కన పడకకుర్చీలో ఆయన ఈడువాడే, బక్కపలచటి మనిషి. ఒళ్లో ఒక నల్లపెట్టె. పెట్టెమీద దుమ్ము.

"ఎవరైనా నవ్వారా?" అన్నాడు ఆ మనిషి. పలకరింపు లేదు, ఏమీలేదు.

"నవ్వలేదురా! చెబుతా విను. కె వరుస, నాలుగో సీటు, చీరావిడ. ఆరో సెకనుకు పాప్‌కార్న్ నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. ఎల్ వరుసలో కుర్రాడు పదకొండో సెకనుకు ముక్కు చీదాడు. డి వరుసలో ఒకాయన నిద్రపోయాడు, ఉన్నమాట చెప్పాలి. కానీ ఆయన మొదటి పాటనుంచీ నిద్రే, అది నీ తప్పుకాదు."

"చివర? ఊపిరి తెగినచోట?"

"అక్కడే అందరూ ఏడ్చారు."

ఆ మనిషి తల అడ్డంగా ఊపాడు. "నువ్వు అబద్ధమాడుతున్నావురా. చిన్నప్పుడు నేను బడి ఎగ్గొడితే, నాకు జ్వరం ఎంతుందో మా నాన్నకు డిగ్రీలతో సహా చెప్పినవాడివి. ముప్పైయేళ్లు స్టూడియోలో అందరి వెనకా కూర్చుని క్లారినెట్ వాయించాను. ఏ సినిమాలోనూ నా పేరు పడలేదు. ఎవరైనా విన్నారో లేదో నువ్వే వెళ్లి చూసొచ్చి చెప్పేవాడివి. అప్పుడు నమ్మాను, నాకు ఊపిరి ఉంది కాబట్టి. ఈసారి, ఆ రైలు సీనులో, ఆఖరి స్వరం పట్టలేకపోయాను. ఇంకోసారి వాయిస్తానంటే 'చాల్లెండి మాస్టారూ' అన్నారు. జాలిపడ్డారు. హాల్లో నవ్వుతారు. నువ్వూ జాలితోనే చెబుతున్నావు. ఇక ఈ పెట్టె తియ్యను."

మావయ్య గదిలో ఈ కుర్చీలోంచి ఆ కుర్చీలోకి, అందులోంచి కిటికీ గట్టుమీదకి మారాడు. "రేపు ఆఖరి ఆట. ఇంకా దగ్గరగా చూసొస్తాను" అన్నాడు. గొంతులో ధీమా లేదు.

గుమ్మం బయట మేనకోడలికి ఒక్కసారిగా ఏడో సెకను గుర్తొచ్చింది. తొమ్మిదో ఫిర్యాదు గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి మెట్లు మూడేసి చొప్పున దిగింది.

"సార్, ఫిర్యాదుల పుస్తకం ఒక్క గంట ఇస్తారా?"

మేనేజరు నోట్లో టీ గొంతులోకి దిగలేదు. "ఎందుకు?"

"ఒకాయనకు చదివి వినిపించాలి."

"చించెయ్యడానికా? ఆ పుస్తకం నేను లేకుండా గడప దాటదు."

"అయితే మీరూ రండి సార్. మూడంతస్తులు, లిఫ్టు లేదు. తర్వాత నన్ను తీసేసినా సరే."

అలా అడిగినవాళ్లు ఆయన ఉద్యోగంలో ఇంతవరకు లేరు. గొలుసు విప్పి, పుస్తకాన్ని చంటిపిల్లలా చంకనెత్తుకుని, అంతస్తుకోసారి ఆగి ఆయాసం తీర్చుకుంటూ, మేనేజరు మూడో అంతస్తు చేరాడు. దారిపొడుగునా ఆమె సంగతంతా చెప్పేసింది. ఆయన ఒక్కమాట కూడా మాట్లాడలేదు, ఊపిరి లేక.

మేనేజరును చూడగానే మావయ్య తలుపు వెనక్కి వెళ్లాడు. "నేను మీ హాలుకు రాలేదండీ, వచ్చినవాడికి నల్లకళ్లద్దాలున్నాయి" అన్నాడు తలుపు వెనకనుంచే.

మేనేజరు పట్టించుకోకుండా కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఇవి మా హాలు ఫిర్యాదులండీ. వీటిలో జాలి ఉండదు. జాలి ఉన్నవాళ్లు ఫిర్యాదు రాయరు." ఐదోది చదివాడు.

"సన్నాయా?" అన్నాడు క్లారినెట్ మాస్టారు, కుర్చీలో నిటారుగా లేచి. "సన్నాయి ఏమిటి?"

తొమ్మిదోది చదివాడు.

"వేణువట! చెవులున్నాయా వీళ్లకు?" మాస్టారి మొహంలో కోపం. ఆ కోపం వెనకనుంచి ఇంకేదో పైకి రావడం మేనకోడలు చూసింది. పన్నెండోదాంట్లో ఎవరో బాకా అని రాశారు. మాస్టారు కుర్చీ చేతిమీద గుద్దాడు. "పెన్ను తెండి! వీళ్లమీద నేను రాస్తా ఫిర్యాదు!"

పదిహేడోది రెండు పేజీలు. మేనేజరు కూడా మొదటిసారే చదవడం. రాసినామె నర్సు. ముందువరుసలో అటూ ఇటూ తిరిగే ముసలాయన్ని తిట్టడానికే ఒక పేజీ పట్టింది. రెండో పేజీలో ఇలా ఉంది: "నేను ఐదుసార్లు చూశాను, ఆ ఒక్క చోటు కోసం. ఆ వాద్యం చివర ఊపిరి చాలక తెగిపోతుంది. ఇన్ని పాటల్లో నిజంగా ఒక మనిషి అక్కడే ఉన్నాడనిపిస్తుంది. దయచేసి, ఆ ఇరవై రెండు సెకన్లయినా ఆ ముసలాయన్ని కట్టేయండి."

మాస్టారు ఆ పుస్తకం అందుకుని, రెండో పేజీ తనే మళ్లీ చదువుకున్నాడు. తర్వాత లుంగీ అంచుతో పెట్టెమీద దుమ్ము తుడిచాడు.

"ఇరవై రెండు సెకన్లకు మించి రాదు" అన్నాడు ముందే.

"అంతకుమించి నేనూ కూర్చోలేను" అన్నాడు మావయ్య తలుపు వెనకనుంచి బయటికొచ్చి.

మాస్టారు వాయించాడు. ప్లాట్‌ఫారం లేదు, రైలు లేదు, తెర లేదు. చివర ఊపిరి అలాగే తెగింది. పెట్టె మూస్తారేమోనని మేనకోడలు భయపడింది. మాస్టారు మూయలేదు. ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టాడు.

మావయ్య చటుక్కున లేచాడు. "ఇక్కడ గాలి రావడంలేదు" అన్నాడు. ఆయన కూర్చున్నది బార్లా తెరిచిన కిటికీ ముందే. మొహం గోడవైపు తిప్పుకుని ఇంకో కుర్చీలోకి మారి, ముక్కు తుడుచుకుని, అలవాటుకొద్దీ జేబులోంచి స్టాప్‌వాచీ తీసి మేనేజరు మొహంలోకి వంగాడు.

"తొమ్మిదో సెకను" అన్నాడు నెమ్మదిగా.

మేనేజరు కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకుని, ఫిర్యాదుల పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. వాయించడం పూర్తయ్యేదాకా ఆగి, గుండ్రటి అక్షరాలతో రాశాడు. మేనకోడలు ఆయన భుజంమీదుగా చూసింది.

"పద్దెనిమిది. నేను ప్రశాంతంగా క్లారినెట్ వింటుంటే ఒక పెద్దమనిషి వాచీ పట్టుకుని నా మొహంలోకి చూశాడు."

"సార్! పద్దెనిమిదోది వస్తే నా ఉద్యోగం..."

"హాల్లో జరిగినవాటికే కదమ్మా ఆ మాట" అన్నాడు మేనేజరు. తర్వాత ఒక్క క్షణం ఆలోచించి, కిందనే ఇంకో వాక్యం చేర్చాడు: "రేపు ఆఖరి ఆటకు ఈయనకు తెర కింద, జనంవైపు తిప్పి, ఒక కుర్చీ వేయవలెను. నేలకు మేకులు కొట్టవలెను."