లోకల్ సరుకు

ఆమెను ఊరంతా మరత్త అంటుంది. పిండిమర నడుపుతుంది కనుక మర, అందరినీ అదిలిస్తుంది కనుక అత్త. ఇరవై రెండేళ్లుగా రాళ్ల మధ్య నుంచి జారే పిండి కింద అరచెయ్యి పెట్టి వేడి చూస్తోంది. పిండి వేడెక్కితే మర నెమ్మదించాల్సిందే. తొందరున్నవాళ్లు బయట బల్ల మీద కూర్చుని తత్త్వచింతన చేసుకోవచ్చు.

చిక్కల్లా ఈమధ్య ఆ బల్ల ఖాళీగా ఉండటమే. ఊరి గోధుమలు లారీ ఎక్కి పట్నం పోతున్నాయి. అక్కడ పిండై, సింహం బొమ్మ సంచీలో దూరి, గౌరవం సంపాదించుకుని తిరిగొస్తున్నాయి. బడి వంటగది కూడా సింహాన్నే పోషిస్తోంది. బడి పిండి తన చేతికి రాకపోతే వచ్చే నెల మరకు తాళమే. ఆ తాళం వెయ్యకూడదని తీర్మానం జరిగింది; సభ్యులందరూ, అంటే మరత్త, ఏకగ్రీవంగా ఆమోదించారు.

ఒకరి గింజ ఇంకొకరి గింజతో కలపకుండా విసరడం ఆమె పాత పద్ధతి. లారీ ఎక్కబోతున్న నలుగురు రైతుల గోధుమలు కొన్ని కొని, అలాగే విసిరి, ఏ సంచీ ఎవరి పొలందో బొగ్గుతో రాసి, బడి వరండాలో దింపించింది.

తల్లిదండ్రుల సంఘం అధ్యక్షుడు మీసాలాయన దూరం నుంచే చెయ్యి అడ్డం పెట్టాడు.

"లోకల్ సరుకా? మా పిల్లలకొద్దు. కంపెనీదే తెప్పించండి మాస్టారూ!"

"లోకల్ అంటే ఏంటన్నయ్యా నీ ఉద్దేశం?" అంది మరత్త.

"నాసిరకం అని. తెలీనట్టు అడుగుతావేం?"

"ఆ మాటేదో ఈ సంచీ ముందు నిలబడి అను."

మీసాలాయన వంగి చూశాడు. 'మిసాలాయన పొలం' అని ఉంది.

వంటావిడ గరిటెతో సహా గోడవైపు తిరిగింది. హెడ్మాస్టరు హాజరుపట్టీలో అత్యవసరంగా ఏదో వెతకసాగారు.

"ఇప్పుడు చెప్పు, నాసిరకమా?"

మీసాలాయన సంచీ మూతి విప్పి, చిటికెడు పిండి నోట్లో వేసుకుని, సభ యావత్తూ కనిపెట్టుకుని ఉండగా నమిలాడు.

"ఇది తప్పు చెల్లెమ్మా," అన్నాడు చివరికి.

మరత్త చేతులు నడుం మీదికి వెళ్లాయి. "ఏది తప్పు?"

"ఉత్తినే పొలం అంటే ఎలా? మాకు రెండున్నాయి. ఇవి పైచేనువి. దిగువచేనువి ఇంత తియ్యగా ఉండవు. జనం పొరబడిపోరూ?"

మరత్త చెరిపి 'పైచేను' అని రాసింది. "మరి బడి పిండి నాకిచ్చే ఒప్పందం మీద సంతకం?"

"పెడతాలే. ముందు నా మీసానికి దీర్ఘం పెట్టు!"

ఆమె దీర్ఘం పెట్టింది. ఆయన సంతకం పెట్టాడు. సోమవారానికి, తమ చేల పేర్లూ రాయించుకోవాలని వచ్చినవాళ్లతో, బల్ల మీద చోటు లేదు. మర మాత్రం నెమ్మదిగానే తిరిగింది.