తప్పులన్నీ మామయ్యవే

మా మామయ్య యేసురాజుకు ఉన్నది ఒకే ఒక్క దురలవాటు: ఎక్కడ ఏ తప్పు జరిగినా అది తనదేనని ఒప్పుకోవడం. తిరువూరులో బోరు మోటార్లకు వైండింగు చేసే ఆయన, అడిగినవారికీ అడగనివారికీ చెప్పే మాట ఒక్కటే: "తప్పు నాదేనండి."

సామాజిక పరిశోధన చదువుకున్నదాన్ని కనుక, ఒక శనివారం ఆయన దుకాణంలో కూర్చుని ఈ మాటను లెక్కపెట్టాను. సాయంత్రానికి ఇరవై మూడు సార్లు. వాటిలో నిజంగా ఆయన తప్పులు రెండు, ఇతరులవి పదకొండు, కరెంటువి ఆరు, మిగిలిన నాలుగూ వాతావరణానివి.

ఆరోజే రెడ్డిగూడెం రైతు సీతారామారావుగారు కాలిపోయిన మోటారు తెచ్చారు.

"ఆపడం మర్చిపోయి నిద్రపోయానయ్యా రాజూ. నీళ్లు లేని బోరులో తిరిగి తిరిగి కాలింది."

"తప్పు నాదేనండి."

"నీదెట్టా అవుద్దయ్యా? నిద్రపోయింది నేను!"

"ఫోన్ చేసి లేపాల్సింది నేను కదండీ."

పోట్లాడదామని వచ్చేవారికి ఆ దుకాణం తీవ్ర నిరాశ కలిగించేది.

చర్చిలోనూ ఇదే వరస. పాస్టరుగారు "మనలో పాపం లేనివారెవరు?" అని ఊపిరి తీసుకునేలోపే మామయ్య లేచి నిలబడి, మైకు గరగరలతో సహా అన్నీ ఒప్పేసుకునేవాడు. "కూర్చో రాజూ, వాక్యం ఇంకా అక్కడిదాకా రాలేదు," అనేవారు పాస్టరుగారు.

ఇంత నవ్వులోనూ ఒక తప్పు మాత్రం ఎవరినీ నవ్వించలేదు. మా తాతయ్య బడిపంతులు. తన బైబిలుకు కూడా పాఠ్యపుస్తకంలా ఖాకీ అట్ట వేసుకున్నారు. పేజీల అంచుల్లో ఇంటిల్లిపాది పుట్టినరోజులూ, బాప్తిస్మాల తేదీలూ రాసుకున్నారు. ఆయన పోయిన ఏడాదికి అది కనబడలేదు.

"ఆఖర్న చదివింది నువ్వేగా అన్నయ్యా, ఏం చేశావ్?" అని మా అమ్మ కరుణశ్రీ నిలదీసింది.

"తప్పు నాదేనమ్మా."

ఊరంతా నవ్వే మాటను అమ్మ ఒక్కతే నమ్మింది. అన్నయ్యతో మాటలు మానేసింది.

ఏడేళ్లుగా, ప్రతి ఆదివారం ఆరాధన ముగిశాక, మామయ్య మా గేటు ముందు స్కూటరు ఆపేవాడు. దిగేవాడు కాదు. "చెల్లెమ్మా, బాగున్నావా?" అని గోడనే అడిగి, జవాబు కోసం కాసేపు చూసి వెళ్లిపోయేవాడు. కిటికీ పరదా వెనుక అమ్మ, స్కూటరు చప్పుడు పూర్తిగా వినబడకుండా పోయేదాకా నిలబడే ఉండేది. ఒకరి కోసం ఒకరు అంతగా ఎదురుచూసుకునే ఇద్దరి మధ్య నేను చూసిన అతి పెద్ద దూరం ఆ గేటుకీ కిటికీకీ నడుమదే.

ఈమధ్య పాత పేపర్లు కొనే జానీబాషా దగ్గర అసలు సంగతి తెలిసింది.

"నీ టెన్త్ పుస్తకాల కట్ట మీ అమ్మగారే తూకానికేశారమ్మా. అన్నీ ఖాకీ అట్టలేగా! మర్నాడు మీ మామ రొప్పుకుంటా వచ్చాడు, అందులో మా నాన్న బైబిలు కలిసిపోయిందని. అప్పటికే లోడు విజయవాడ పోయింది. అక్కడి గోడౌన్లో మూడు రోజులు ఎతికాడు. దొరకలా. 'మా చెల్లికి చెప్పమాక జానీ' అన్నాడు."

నేరుగా దుకాణానికి వెళ్లి మామయ్యను అడిగాను.

"మీ అమ్మకి నాన్నంటే ప్రాణం. తన చేత్తోనే అమ్మేసిందని తెలిస్తే తట్టుకోలేదు. నాకైతే అలవాటే కదా!"

"అందుకని ఏడేళ్లా మామయ్యా?"

"ఈ లోకాన్ని ప్రభువు ఎంతకాలంగా ఓర్చుకుంటున్నాడు? అందులో ఏడేళ్లెంత?" అని రాగితీగ చుట్టడం ఆపాడు. "కానీ అమ్మాయ్... దాని గొంతు వినక చాలా రోజులైంది. ఇదేదీ మీ అమ్మకి చెప్పకు."

చెప్పనని మాటిచ్చాను. ఆ సాయంత్రమే చెప్పేశాను. ఆ తప్పు మాత్రం నాదే.

అమ్మ ఆ ఆదివారం స్కూటరు ఆగకముందే గేటు తీసి నిలబడింది.

"అన్నయ్యా, తప్పు నాది."

మామయ్య బెదిరిపోయాడు. "కాదమ్మా, అది నా..."

"నాదే అంటున్నానా! ఊళ్లోవన్నీ నువ్వే ఉంచుకో. ఈ ఒక్కటీ నాకొదిలెయ్."

ఆయన కళ్లు తుడుచుకుంటూ స్కూటరు దిగాడు. తరువాత, చెల్లెలికి ఆస్తిలో వాటా రాసిచ్చే అన్న ముఖం పెట్టి, మహా అయిష్టంగా అన్నాడు:

"సరే. నీదే."