కిటికీ పక్కన ఉరుము

హిందూపురంలో బస్సెక్కిన ఒక అవ్వ, ఒళ్లో ఉరుము పెట్టుకుని నా పక్కన కూర్చుంది. ఆ పాత తోలు వాద్యాన్ని అంత దగ్గరగా చూడటం నాకదే మొదలు.

"కిటికీ సీటు ఇయ్యప్పా, దీనికి ఎండ తగలాల" అంది.

ఇచ్చి, ఎందుకని అడిగాను.

"వానకి తోలు మెత్తబడింది. మా ఆయన పోయినంక ఎవురూ వాయించలే. ధర్మవరంలో ఒకాయన అద్దాల బీరువాలో పెట్టుకుంటానంటే, ఇచ్చేకి పోతాండా."

"నువ్వెప్పుడూ వాయించలేదా అవ్వా?"

"ఆడోళ్లు ముట్టగూడదనేవాళ్లు."

కాసేపటికి ఆమె చుట్టూ చూసి, వంకర పుల్లతో తోలు మీద మెల్లగా రుద్దింది. బొంగురుగా ఒక మూలుగు లేచింది. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగారు. అవ్వ నవ్వుతూ మళ్లీ రుద్దింది, ఈసారి గట్టిగా.

ధర్మవరానికి టికెట్ తీసుకున్న మనిషి పెనుకొండలోనే దిగిపోయింది. మా బస్సు కదిలేసరికి రోడ్డు దాటి, హిందూపురం పోయే బస్సును చెయ్యెత్తి ఆపుతోంది.