తాళ్ళ తాతకు కొలిచిన మూరలు

పోయిన నెల అమ్మ సమాధికి రాయి చెక్కించడానికి మేస్త్రీ దగ్గరికి వెళ్ళి, అక్షరానికి ఇంత అని అతను చెప్పిన ధరను గంటసేపు బేరమాడి, అక్షరం కింది ఒత్తులకు వేరే డబ్బులు లేవని కూడా ఒప్పించి, కొట్లో పెరిగినదాన్ని కదా అని లోలోపల మురిసిపోతూ ఉండగా, అతను సుద్దముక్క అందుకుని "అమ్మ వాళ్ళ నాయన పేరేందో చెప్పక్కా, ముందు అదే రాయాల" అన్నాడు. అరవై దాటిన నాకు ఆ పేరు తెలియదు.

మా ఇంట్లో ఆ ప్రశ్నకు ఎప్పుడూ ఒకటే జవాబు, తాత సముద్రంలో పోయాడని. అమ్మమ్మ అంతకు మించి చెప్పలేదు, ఆమె తర్వాత అమ్మా చెప్పలేదు. కందిపప్పును కూడా గుప్పిట్లో పోసుకుని ఊది చూడందే కొనని నేను, ఇంత పెద్ద మాటను మాత్రం చూడకుండానే పుచ్చుకున్నాను. తండ్రి పేరు లేకుండా అమ్మ రాయి నిలబెట్టడానికి మనసొప్పక, పాస్టరుగారిని బతిమాలి పాత బాప్తిస్మాల పుస్తకం తీయించాను. తండ్రి పేరుండవలసిన చోట గీత గీసి ఉంది. పుట్టిన ఊరు మాత్రం జువ్వలదిన్నె అని రాసి ఉంది.

జువ్వలదిన్నెలో వలలు బాగుచేసుకుంటున్న ముసలివాళ్ళను, పూర్వం ఇక్కడి చిన్న బడిలో పంతులమ్మగా చేసిన మా అమ్మమ్మ ఎవరికైనా గుర్తుందా అని అడిగితే, వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని నన్నొక ఇంటికి పంపారు. ఆ ఇంట్లో ఒక పెద్దావిడ ఉంది, మా తాతకు అన్న కూతురట. ఆమె నన్ను కూర్చోబెట్టి మాట మొదలుపెట్టకముందే, గోడ మీద పెద్దది చేయించి తగిలించిన ఓటరు కార్డు ఫొటో నా కంటబడింది. ఆ మనిషి నాకు తెలుసు. ఆయన మా తాళ్ళ తాత.

ఆ తాళ్ళ తాత ఎవరో చెప్పాలంటే మా నాన్న కొట్టు గురించి చెప్పాలి. బిట్రగుంట బజారులో సబ్బుల నుంచి చేంతాళ్ళ దాకా అన్నీ అమ్మే కొట్టు అది. ఆ రోజుల్లో తాడు మూరల లెక్కన అమ్మేవాళ్ళమని మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. బడి లేని పూట నాన్న నన్ను కొట్లో కూర్చోబెట్టేవాడు, ఎందుకంటే పదేళ్ళ పిల్ల మూరకూ మగవాడి మూరకూ బెత్తెడు తేడా. వచ్చినవాళ్ళు ఊరుకునేవారు కాదు, "నీ మూర మాకొద్దు మే, మీ నాయన్ని రమ్మను" అని పోట్లాడేవాళ్ళు. ఒక్క తాళ్ళ తాత మాత్రం, నాన్న లేచి వచ్చినా సరే, "పాపనే కొలవనీ అబ్బయ్యా" అనేవాడు. నెలకోసారి సైకిలు మీద వచ్చి పది మూరల కొబ్బరితాడు కొనేవాడు, బేరమాడేవాడు కాదు. మా బజారు పిల్లలకు బేరమాడని మనిషంటే తెలివి తక్కువ మనిషనే లెక్క. అందుకని నేను మోచేతిని కాస్త లోపలికి ముడిచి, ప్రతి మూరకూ రెండు వేళ్ళు మిగిల్చేదాన్ని. ఏడాదికేడాది నా చెయ్యి పెరిగిన కొద్దీ ఆ ముడవడాన్నీ పెంచాను. ఆయన నా చేతి వంకే చూస్తూ నిలబడేవాడు, మోసం కనిపెట్టలేక చూస్తున్నాడనుకుని నేను నవ్వు ఆపుకునేదాన్ని.

ఆయన వస్తే అమ్మ తనే మంచినీళ్ళు తెచ్చి, ఆయన తాగేదాకా తలుపు పక్కన నిలబడేది. ఒకసారి నా మోచేయి చూసి "చెయ్యి చాపి కొలువు మే" అని కసిరింది. ఆ ఒక్క రోజు మూతి ముడుచుకుని మునివేళ్ళ దాకా కొలిచాను. రాత్రి అన్నాల దగ్గర తాళ్ళ తాత నడకా మాటా అనుకరించి నాన్నను నవ్వించాను. అమ్మ నవ్వలేదు, కంచం ముందు నుంచి లేచిపోయింది. పెద్దమనిషినయ్యాక నన్ను కొట్లో కూర్చోనివ్వలేదు, కొన్నాళ్ళకు ఆయనా రావడం మానేశాడు.

పెద్దావిడ చెప్పింది ఇంతే. మతం వేరు, కులం వేరు అయినా వాళ్ళిద్దరూ ఒకటయ్యారట. బిడ్డ పుట్టగానే అమ్మమ్మ అన్నదమ్ములు వచ్చి తల్లినీ బిడ్డనూ తీసుకుపోతూ, ఇక మీదట ఆ బిడ్డ ఉన్న ఇంటి గడప తొక్కనని, తండ్రినని చెప్పుకోనని ఆయన చేత పెద్దల ముందు ఒట్టు వేయించుకున్నారట. అమ్మకు పెళ్ళయ్యాక ఆ ఒట్టుకు ఆయన వెతుక్కున్న సందు మా కొట్టు. "కొట్టంటే ఇల్లు కాదు గదా, ఎవరైనా పోవచ్చు గదా అనేవాడు. మీయమ్మకి తెలుసు మే" అంది ఆవిడ.

తాళ్ళు ఏం చేసేవాడని అడిగాను. వాడేవాడు కాదట. ఇంటికి తెచ్చి, అదే పది మూరల్ని తన చేత్తో మళ్ళీ కొలిచి, మనవరాలి చెయ్యి ఎంత ఎదిగిందో చూసుకునేవాడట. ఎన్నేళ్ళయినా పెరగడం లేదని దిగులు పడేవాడట. "బిడ్డకి తిండి సరిగా పెడతన్నారో లేదో అని ఒకటే గొణిగేవాడు. ఒక్కసారి మాత్రం ఎదిగినాదే, ఎదిగినాదే అని వాడంతా తిరిగి చెప్పుకున్నాడు, పిచ్చోడు" అని ఆమె నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆయన ప్రతి నెలా బాదమాకులో చుట్టి "పాపకి పెట్టండమ్మా" అని బల్ల మీద పెట్టిపోయిన ఎండురొయ్యల్ని, తెలివి తక్కువ మనిషి ఇచ్చిన కొసరు అనుకుని నేనే తిన్నాను.

పేరు దొరికింది, అమ్మ రాయి మీద మొదటి వరుసలో చెక్కించాను. అమ్మ బతికుండగా నాకెందుకు చెప్పలేదా అని ఇప్పుడు ఎవరినీ అడగనక్కర లేదు, ఆ రాత్రి అన్నాల దగ్గర నా ఆట చూసిన మనిషి నాకెలా చెబుతుంది.

ఇప్పుడు తాడు చుట్టలుగా వస్తోంది, పొడవు చీటీ మీద అచ్చువేసి ఉంటోంది, ఎవరి చెయ్యి పొట్టిదన్న తగాదా లేదు. మనవరాలు సెల్లులో నొక్కితే సరుకు గుమ్మంలోకే వస్తుంది, తెచ్చినవాడి మొహం మేము చూడం, మా మొహం వాడూ చూడడు. మంచిదే, మోసం తగ్గింది. కానీ గడప తొక్కకూడని మనిషి, ఒక పిల్లను చూడాలనిపిస్తే, ఈ రోజుల్లో ఏం కొనడానికి వచ్చి ఎక్కడ నిలబడతాడో నాకు తోచడం లేదు.